రెండో పొర

గదిలో మూడు కుర్చీలు. చిన్న బల్లకి అటువైపు టీచరు, ఇటువైపు గువ్వ, తలుపు పక్కన మూలగా గువ్వ వాళ్ళమ్మ. మూల కుర్చీలో కూర్చున్నప్పుడల్లా ఆమెకి తనని ఎవరో తప్పు చేసినందుకు విడిగా కూర్చోబెట్టినట్టుండేది.

బల్ల మీద మూడు వస్తువులున్నాయి. ఒక పెద్ద పిన్నీసు, ఒక నీలం పెన్ను, బొమ్మల వంటసామానులోది అరచేతిలో పట్టే ప్యాను. టీచరు ఒక అట్టముక్క తీసి నోటికి అడ్డంగా పట్టుకుంది.

"పెన్," అంది అట్ట వెనక నుంచి.

గువ్వ పిన్నీసు తీసింది.

"ఉహూఁ. మళ్ళీ విను. పెన్."

గువ్వ టీచరు ముఖంలోకి చూసింది. పైన కళ్ళున్నాయి, కింద అట్ట ఉంది. అక్కడేమీ దొరకక తల తిప్పి మూలకి చూసింది. అమ్మ పెదాలు వాటంతటవే కదిలాయి. చప్పుడు లేదు, పెదాలే. గువ్వ చేయి టక్కున పెన్ను మీదికి వెళ్ళింది.

"గువ్వ వాళ్ళమ్మగారూ," అంది టీచరు, అట్ట దించకుండానే, "మీరు కాసేపు ఆ గోడ వైపు తిరిగి కూర్చుంటారా?"

ఆమె తిరిగి కూర్చుంది. గోడకి వేసిన లేత పచ్చరంగు ఒకచోట పొక్కిపోయి ఉంది. దాన్నే చూస్తూ, వెనక తన కూతురు ఇంకొకరి గొంతుకు తడబడుతుంటే వింటూ కూర్చుంది. ఒళ్ళు మండిపోయింది.

మండదా మరి? గువ్వ పుట్టుకతోనే చెవిటి పిల్ల. ఆపరేషన్ చేసి చెవి వెనక మిషను పెట్టేదాకా ఆ పిల్లకి లోకమంతా అమ్మ మూతి మీదే ఉండేది. అన్నం, నీళ్ళు, నాన్న, వద్దు, రా, అన్నీ అక్కడ చూసి నేర్చుకున్నవే. అమ్మ పాత బట్టలు సరిచేసే దుకాణంలో కుట్టుపని చేస్తుంది. ప్యాంట్ల పొడవు తగ్గించడం, జిప్పులు మార్చడం, నడుము వదులు చేయడం. కుట్టుపని వాళ్ళందరిలాగే ఆమెకీ గుండుసూదులు పెదాల మధ్య పెట్టుకుని పనిచేసే అలవాటుండేది. గువ్వ కోసం మానేసింది. నోట్లో సూదులుంటే పిల్ల ఏం చదువుకుంటుంది? అప్పటి నుంచి సూదులు మణికట్టుకు కట్టుకున్న దిండులో గుచ్చుకుంటోంది. ఇంట్లో దీపం ఎప్పుడూ తన ముఖం మీద పడేలా కూర్చునేది. నవ్వొచ్చినా నోటికి చేయి అడ్డం పెట్టుకునేది కాదు. అలా పెంచుకున్న చూపు అది. పొద్దున కళ్ళు తెరిచిన దగ్గర్నుంచి గువ్వ కళ్ళు ఆమె ముఖాన్ని వదిలేవి కావు.

ఇప్పుడీ టీచరొచ్చి అట్టముక్క అడ్డం పెట్టింది.

పోనీ ఆ టీచరు కసురుకునే మనిషైతే తిట్టుకోవడానికైనా ఉండేది. ఒక్కనాడు విసుక్కోదు. చిన్న వయసు, ఇస్త్రీ నలగని బట్టలు, జుట్టు ఒకవైపు లాగి పెట్టిన తాబేలు బొమ్మ క్లిప్పు. గువ్వకి ఆ క్లిప్పు ఎంత నచ్చిందంటే, అలాంటిదే కొనేదాకా అమ్మ కొంగు వదల్లేదు. కొని పెడితే అద్దంలో చూసుకుని, "టీచర్‌లా ఉన్నా," అంది. ఆ మాట చాలా స్పష్టంగా అంది. అది కూడా ఆ టీచరు నేర్పిన స్పష్టతే.

ఆ రోజు బస్సులో ఇంటికి వస్తుంటే గువ్వ అమ్మ గడ్డం పట్టుకుని తన వైపు తిప్పుకుంది.

"అమ్మా, ప్యాన్ అను."

"ప్యాన్."

గువ్వ తల అడ్డంగా ఊపింది. "అలా కాదు. టీచర్‌లా అను."

చెప్పడం నేర్పేటప్పుడు టీచరు ముఖం చూపిస్తుంది, వినడం నేర్పేటప్పుడే దాస్తుంది. అందుకని టీచరు నోరు ఎలా తెరుచుకుంటుందో గువ్వకి తెలుసు. అమ్మ నోరు అలా తెరుచుకోలేదని కూడా తెలిసిపోయింది. ఆమె ఇంకోసారి "ప్యాన్" అంది, ఇంకాస్త గట్టిగా. గువ్వ జాలిగా చూసి కిటికీ వైపు తిరిగింది. తన కూతురు తన మీద జాలిపడటం ఆమెకి అదే మొదటిసారి.

రాత్రి అన్నాల దగ్గర భర్త కనిపెట్టేశాడు. అతను లిఫ్టులు బాగుచేసే మెకానిక్. ఏ పక్క బరువు పెరిగిందో చూడగానే చెప్పగలడు.

"ఏమోయ్, మూతి అలా ముడుచుకుని కూర్చున్నావు? ఇవాళ కూడా టీచరమ్మేనా?"

"ఏం లేదు."

"ఏం లేదంటే టీచరమ్మే. అందరికీ మొగుళ్ళ వల్ల సవతులొస్తారే. నీకు కూతురి వల్ల వచ్చింది."

"మీకంతా నవ్వులాట. పిల్ల ముందు మూతి మూసుకుని మాట్లాడుతుందండీ ఆవిడ! ఎవరికి అర్థమవుతుంది? మిమ్మల్ని కళ్ళకి గంతలు కట్టి లిఫ్టు బాగుచెయ్యమంటే చేస్తారా?"

"చేసే పని లిఫ్టు కాబట్టి కళ్ళు కావాలి. వినే పనికి కళ్ళెందుకు?"

"మీరు కూడా ఆవిడ వైపే."

"నేను అన్నం వైపు. కాస్త వడ్డిస్తావా?"

మర్నాడు దుకాణంలో ఆమె ఒక నిర్ణయానికొచ్చింది. ఆ మూడు ముక్కలు పిల్లకి తనే నేర్పుతుంది. ఆ టీచరు ఇన్నాళ్ళుగా చేయలేని పని తను చేసి చూపిస్తుంది.

బట్టలు వేసుకుని చూసుకునే గదిలో మూడు పలకల అద్దం ఉంది. గిరాకీ లేని వేళ గువ్వని తీసుకుని అందులో దూరింది. తన నోరు తనే చూసుకుంటూ మొదలుపెట్టింది. పిన్ అంటే పెదాలు పక్కలకి సాగి, చిరునవ్వు మొదలెట్టి ఆపినట్టుంటాయి. పెన్ అంటే దవడ కొంచెం జారుతుంది, పళ్ళ మధ్య గుండీ పట్టేంత సందు వస్తుంది. ప్యాన్ అంటే కిందికి దిగిపోతుంది, లోపల నాలుక కూడా కనపడుతుంది. ఇంత తేలికా! దీనికోసమా అన్ని నెలల తిప్పలు?

"చూడు గువ్వా. ఇదిగో, ఇది."

గువ్వ చూసింది. ఆ చూపు మళ్ళీ తన ముఖం మీద వాలగానే ఆమెకి ప్రాణం లేచొచ్చినట్టయింది. ఆమె పెదాలు కదపగానే గువ్వ వస్తువు ఎత్తింది. పిన్. పెన్. ప్యాన్. మళ్ళీ పెన్. ఒక్కటీ తప్పు పోలేదు. కప్పూ టోపీ కూడా తెచ్చి కప్, క్యాప్ అంటే అవీ సరిగ్గా తీసింది.

కాజాలు కుట్టే ఆవిడ తలుపు సందులోంచి తొంగిచూసింది. దుకాణంలో అందరూ ఆవిడని కాజాల అక్క అంటారు.

"ఏమే, ఆ అద్దం ముందు నోరలా తెరుస్తున్నావు? పన్నుపోటా?"

"పాఠం అక్కా. చూడు మా గువ్వ ఎలా చెప్తోందో. ఒక్కటి తప్పు పోతే అడుగు."

"అబ్బో! అయితే ఇక ఆ టీచరమ్మకి సెలవేనా?"

"ఆవిడ ముఖం చూడాలి అక్కా రేపు," అంది ఆమె. గొంతులో ఉన్న ఆనందం ఆమెకే కొంచెం భయం వేసేంత ఉంది.

మర్నాడు టీచరు ముఖం చూసింది. అట్ట ఎప్పటిలాగే లేచింది. "ప్యాన్" అన్న మాట అట్ట వెనక నుంచి వచ్చింది. గువ్వ పెన్ను తీసింది. "పిన్" అంటే మళ్ళీ పెన్ను తీసింది. తర్వాత ఏదీ తీయకుండా చేతులు ఒళ్ళో పెట్టుకుని అట్ట ఎప్పుడు దిగుతుందా అని చూస్తూ కూర్చుంది. మొన్నటి కంటే అన్యాయంగా ఉంది.

ఆమె ఉండబట్టలేకపోయింది. "నా దగ్గర అన్నీ సరిగ్గా చెప్పింది మేడం. ముఖం దాచుకుని చెప్తే ఎవరికైనా ఎలా తెలుస్తుంది?"

టీచరు అట్ట బల్ల మీద పెట్టింది. కోప్పడలేదు. ఆ కోప్పడకపోవడమే ఆమెకి గిట్టదు.

"నాకు తెలుసమ్మా. మీ పెదాలు చూసి చెప్పింది. ఆ మూడు మాటలూ చూడటానికి చాలా తేలిక, వినడానికే కష్టం. గువ్వ కళ్ళు ఎంత చురుకంటే, చెవికి పని పడనివ్వడం లేదు. అంతా అవే చేసేస్తున్నాయి."

"చేస్తే ఏమైంది?"

"బడిలో టీచరు బోర్డు వైపు తిరిగి రాస్తూ చెప్తుంది కదా. అప్పుడు పెదాలెక్కడుంటాయి?"

అసలు సంగతి అదే. దగ్గరలోని మామూలు బడిలో గువ్వని ఒకటో తరగతిలో చేర్చాలని టీచరు తిరిగి తిరిగి మాట్లాడింది. అక్కడి పాఠాలన్నీ ఇంగ్లీషులోనే. ప్రిన్సిపాల్ మేడం తనే వచ్చి చూస్తానంది. పెదాలు చూడకుండా మాటలు పట్టుకోగలిగితే సీటు ఇస్తానంది. లేకపోతే గువ్వ ఇంకో ఏడాది ఈ పచ్చగోడల గదిలోనే.

"మీరొకసారి ప్యాన్ అనండి," అంది టీచరు ఉన్నట్టుండి.

ఆమె అంది.

"మీరు ప తర్వాత ఒక య వేస్తున్నారు. మనందరం అలాగే అంటాం, నేనూ ఒకప్పుడు అలాగే అనేదాన్ని. ఇంట్లో మీరన్నదే గువ్వ వింటుంది కదా, అందుకని చెప్తున్నా. సరే, మేకు అనండి. గోడకి కొట్టే మేకు."

"మేకు."

"ఇప్పుడు మేక అనండి. మేసే మేక."

"మేక."

"రెండిట్లో మే ఒకటేనా?"

ఆమె మనసులో మళ్ళీ అనుకుంది. మేకు. మేక. పుట్టినప్పటి నుంచీ అంటున్న మాటలు. రెండిటికీ రాసేది ఒకటే ఏత్వం. కానీ మేక అన్నప్పుడు దవడ కిందికి జారుతోంది, శబ్దం వెడల్పు అవుతోంది. అవును, ఒకటి కాదు.

"ఆ మేకలో ఉన్న శబ్దమే. దాన్ని పొట్టి చేసి, య లేకుండా, ప పక్కన పెట్టండి. మీ నోట్లో ఎప్పటి నుంచో ఉంది అది."

వేరే ఎవరైనా చెప్పి ఉంటే ఆమె ఎంత సంబరపడేదో. కానీ తన నోట్లో ఉన్న శబ్దాన్ని కూడా ఈవిడే తీసి చూపించాలా? కూతురి చూపు తీసుకుంది, కూతురి మాట తీసుకుంది, ఇప్పుడు మేకని కూడా వదల్లేదు.

వెళ్ళబోతుంటే టీచరు ఆపింది. "మీరు కుట్టుపని చేస్తారు కదా, ఒక చిన్న సాయం కావాలి. ఈ అట్ట నా గొంతుని కూడా అడ్డుకుంటోంది. ఎంబ్రాయిడరీ ఫ్రేముకి నల్లటి పలచని గుడ్డ బిగించి ఇస్తారా? రెండు పొరలు వేయండి. ఒక పొరయితే లోపల నోరు కనపడుతుంది, మందపాటి గుడ్డయితే శబ్దం పోదు. పలచగా, రెండు పొరలు."

"అలాగే మేడం," అంది ఆమె.

తన బిడ్డకి తన ముఖాన్ని దూరం చేసే వస్తువుని తన చేతులతోనే కుట్టాలన్నమాట.

దుకాణంలో లైనింగ్ ముక్కల మూటలో వెతికితే కావలసిన గుడ్డ దొరికింది. నల్లటి పలచని గుడ్డ, గాలి తగిలితే వణికే రకం. మొదటి పొర కత్తిరించి చెక్క ఫ్రేములో లాగి బిగించింది. రెండో పొర కత్తిరించి పక్కన పెట్టుకుంది. పెట్టుకుని ఆగిపోయింది.

ఫ్రేము నోటికి అడ్డం పెట్టుకుని అద్దంలో చూసుకుంది. ఎదురుగా ట్యూబులైటు వెలుగు పడుతుంటే నల్లటి గుండ్రమే కనపడింది, వెనక ఏమీ లేదు. పక్కకి జరిగి, ద్వారంలోంచి వచ్చే ఎండ చెంప మీద పడేలా నిలబడింది. అంతే, నల్లగుడ్డ వెనక పెదాలు తేలాయి, నీళ్ళ అడుగున చేపలు కదిలినట్టు. పలచటి పరదా సంగతి కుట్టేవాళ్ళకి చెప్పాలా? ఏ పక్క వెలుగుంటే ఆ పక్కది కనపడుతుంది. టీచరు కూర్చునే చోట కిటికీ ఆవిడ చెంప పక్కనే ఉంటుందని ఆమెకి తెలుసు. పొద్దుటి పూట ఎండ నేరుగా లోపలికి పడుతుందనీ తెలుసు.

"ఒక్క పొర చాల్లే. శబ్దం బాగా పోతుంది," అంది పైకే.

"ఎవరితోనే?" అంది కాజాల అక్క.

"గుడ్డతో."

"అదేమన్నా జవాబు చెప్తే నన్ను పిలువు," అని ఆవిడ తన కాజాలో మునిగిపోయింది.

ఆమె రెండో పొరని నాలుగు మడతలు పెట్టి కుట్టుమిషను సొరుగులో పడేసింది. నేరం చేస్తున్నట్టు అనిపించలేదు. గువ్వకి పరీక్షలో చిన్న సాయం చేస్తోంది, అంతే. ఆ పిల్లకి ఒక ముఖాన్ని మిగులుస్తోంది.

మబ్బు పట్టిన సాయంత్రం ఫ్రేము ఇచ్చింది. టీచరు దాన్ని అటూ ఇటూ తిప్పి, నోటికి అడ్డం పెట్టి చూసుకుని, "ఎంత బాగా బిగించారండీ, కొన్నదానికంటే బావుంది," అంది. ఆ పొగడ్త ఆమెకి గొంతులో వెలక్కాయలా అడ్డం పడింది.

పరీక్ష పొద్దున పెట్టారు. కళ్ళద్దాలు ముక్కు చివర పెట్టుకునే ప్రిన్సిపాల్ మేడం కోసం ఇంకో కుర్చీ తెప్పించారు. ఆవిడ కూర్చుని, గువ్వని పలకరించి, చేతులు కట్టుకుంది. మూల కుర్చీలో గువ్వ వాళ్ళమ్మ కుక్కిన పేనులా కూర్చుంది. కిటికీలోంచి ఎండ టీచరు చెంప మీద పడుతోంది.

నల్లటి ఫ్రేము లేచింది.

"ప్యాన్."

గువ్వ ప్యాను ఎత్తింది.

"పిన్."

పిన్నీసు.

"పెన్. క్యాప్. కప్. ప్యాన్."

ఒకదాని వెనక ఒకటి, తడుముకోకుండా. ప్రిన్సిపాల్ మేడం కట్టుకున్న చేతులు విప్పింది. టీచరు గొంతులో సన్నటి వణుకు మొదలైంది. పాపం, ఆవిడ ఎన్నాళ్ళ నుంచి ఎదురుచూస్తోందో ఆ ఘడియ కోసం. మూల కుర్చీలోంచి చూస్తే పెదాలు కనపడవు, కానీ గువ్వ కళ్ళు కనపడుతున్నాయి. ఆ కళ్ళు ఫ్రేము మధ్యలో ఒకేచోట నిలబడి, రెప్ప కొట్టకుండా ఉన్నాయి. ఆ చూపు ఆమెకి తెలియనిదా? తన ముఖం మీద పెరిగిన చూపే. దాన్ని ఇప్పుడు ఇంకొకరి మూతి మీద చూస్తోంది.

"శభాష్!" అంది టీచరు, ఫ్రేము దించి. కళ్ళు తడిగా ఉన్నాయి. గువ్వ కుర్చీ దిగి బల్ల చుట్టూ తిరిగి వెళ్ళి ఆవిడ నడుము చుట్టేసుకుంది. ప్రిన్సిపాల్ మేడం నవ్వుతూ, "టీచరుగారూ, మీ కష్టం ఫలించింది," అంది.

మీ కష్టం! దొంగతనం తను చేస్తే దండ ఆవిడ మెళ్ళో పడింది. దాని వెనకే ఇంకో ఆలోచన వచ్చింది, చల్లగా. తరగతి గదిలో బోర్డు వైపు తిరిగిన ఒక వీపు, ఆ వీపుని చూస్తూ చేతులు ఒళ్ళో పెట్టుకుని ఎదురుచూసే గువ్వ. ఆ వీపుకి పెదాలుండవు.

ఆమె లేచింది. కిటికీ దగ్గరికి వెళ్ళి కర్టెను లాగేసింది. ఆ లేవడం కూతురి కోసమో, కడుపుమంటతోనో ఆ క్షణంలో అడిగితే ఆమె చెప్పలేకపోయేది.

"ఇప్పుడు అడగండి మేడం," అంది.

టీచరు ఆమె వైపు అయోమయంగా చూసింది. "ఎండ కళ్ళలో పడుతోందా అమ్మా?"

"ఇప్పుడు అడగండి."

గువ్వ వెళ్ళి కూర్చుంది. ఫ్రేము లేచింది. ఈసారి అది ఉత్త నల్లటి గుండ్రం.

"ప్యాన్."

గువ్వ ఫ్రేము వైపు వంగింది. ఇంకా వంగింది. తర్వాత పెన్ను తీసింది.

టీచరు ఫ్రేము దించి, కర్టెను అంచు తొలగించి, ఎండలో పెట్టి చూసింది. గుడ్డలోంచి తన వేళ్ళు తనకే కనపడ్డాయి.

"రెండో పొర?" అంది మెల్లిగా.

"వేయలేదు."

ఇప్పుడైనా తిడుతుందని ఆమె కాచుకుంది. తిడితే బావుండు. టీచరు ముఖం ఎర్రబడింది గానీ, మాట్లాడింది మాత్రం ప్రిన్సిపాల్ మేడంతో. "ఎండలో పెట్టి చూసుకోవాల్సింది, నాదే పొరపాటు. అన్నీ సరిగ్గా వస్తుంటే అనుమానం రాలేదు. రావాలని అంతగా అనుకున్నాను మరి."

ప్రిన్సిపాల్ మేడం కళ్ళద్దాలు పైకి తోసుకుని తల్లిని చాలాసేపు చూసింది. "బడి తెరిచే ముందు ఇంకోసారి వస్తాను," అంది. "అప్పుడు మాటలు టీచరు చెప్పొద్దు, ఆవిడ గొంతు పిల్లకి అలవాటే. తల్లి చెప్పాలి. ఈ రెండో పొర వేసి."

ఆవిడ వెళ్ళాక టీచరు ఫ్రేము ఆమె చేతికిచ్చింది. "మేక గుర్తుంది కదా?" అంది. అంతే అంది.

ఇంటికొచ్చాక భర్తకి జరిగింది చెప్పింది. అతను ఈసారి హాస్యమాడలేదు. "గువ్వ నీ ముఖం చూడకుండా ఉంటే నీకేమవుతుందే?" అని అడిగాడు.

"మీకు తెలీదు," అంది ఆమె. "ఎవరూ నన్ను అలా చూడలేదు."

"నేను చూడలేదా?"

"మీరు లిఫ్టుల్ని చూస్తారు."

సొరుగులో ఉన్న రెండో పొర ముడతలు పడిపోయింది. ఇస్త్రీ చేసి బిగించింది. ఆ మర్నాటి నుంచి దుకాణంలో గువ్వకి కొత్త చోటు వచ్చింది. కత్తిరించే బల్ల ముందు, అమ్మకి వీపు పెట్టి కూర్చోవాలి. ముందు గుండీల డబ్బా, దాని పక్కన పిన్నీసు, పెన్ను, ప్యాను. అమ్మ మిషను ఆపి వెనక నుంచి అంటుంది. గువ్వ చేయి పైకెత్తి చూపించాలి.

మొదట్లో గువ్వ ప్రతి మాటకీ వెనక్కి తిరిగేది. తిరిగినప్పుడల్లా ఆమె ఫ్రేము అడ్డం పెట్టుకునేది. పిల్ల కళ్ళు ఆ నల్లటి గుండ్రాన్ని తాకి ఖాళీగా వెళ్ళిపోతుంటే, తీసి పారేద్దామని ఎన్నిసార్లు అనుకుందో. గువ్వ ఏడ్చింది. పెన్ను విసిరేసింది. "నీ ముఖం చూపించు," అంది. ఆమె మిషను మీద తల ఆనించి తనూ ఏడ్చింది, కానీ ఫ్రేము దించలేదు. మేక, మేక, అని లోపల అనుకుని, దాన్ని పొట్టిగా తుంచి "ప్యాన్" అనేది. య రాకుండా అనడానికి ఆమెకే చాలాకాలం పట్టింది.

"మేక మేక అంటావేంటే," అంది కాజాల అక్క. "ఇది కుట్టు దుకాణమా, కొట్టమా?"

"గొడ్డులా పనిచేస్తున్నాం కదక్కా, ఏదైతే ఏం?"

రోజులు గడిచేకొద్దీ గువ్వ తిరగడం తగ్గింది. ఆలోచించి తీసేది. పిన్నూ పెన్నూ ఇంకా కలగాపులగమయ్యేవి, ప్యాను మాత్రం దొరకసాగింది. కప్పూ టోపీ విడిపోయాయి. ఆమె మాట అని, ఆ చిన్న వీపునీ, వినికిడి మిషను తీగ వేలాడే చెవి వెనక భాగాన్నీ చూస్తూ ఊపిరి బిగపట్టేది. కొంతకాలానికి కూతురి వీపు కూడా ఒక ముఖంలా కనపడటం మొదలైంది. వినేటప్పుడు భుజం కొంచెం లేచేది. తెలిసిపోగానే దిగేది.

ప్రిన్సిపాల్ మేడం అన్నమాట ప్రకారం వచ్చింది. ఎండ బాగా కాస్తోంది. కర్టెను తెరిచే ఉంచారు. ఈసారి బల్లకి అటువైపు తల్లి, మూల కుర్చీలో టీచరు. ఆమె ఫ్రేము ఎత్తబోయేముందు మూలకి చూసింది. టీచరు చేతులు ఒళ్ళో నలుపుకుంటూ, పెదాలు కదులుతాయేమోనని బిగబట్టుకుని కూర్చుంది. ఆ కుర్చీలో కూర్చుంటే ఎలా ఉంటుందో ఆమెకి బాగా తెలుసు. మొదటిసారి ఆవిడ మీద కొంచెం జాలేసింది. కొంచెమే.

"ప్యాన్," అంది గుడ్డ వెనక నుంచి.

గువ్వ ఫ్రేము వైపు చూడలేదు. బల్ల వైపు చూస్తోంది. భుజం లేచి దిగింది. ప్యాను ఎత్తింది.

అన్నీ సరిగ్గా రాలేదు. పెన్ అన్నప్పుడు పిన్నీసు తీసి, మధ్యలోనే నాలుక కరుచుకుని మార్చుకుంది. ఒకసారి పూర్తిగా తప్పింది. ప్రిన్సిపాల్ మేడం కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. "క్రితంసారి ఒక్క తప్పూ లేకపోతే నమ్మేశాను, అవన్నీ చూసి చెప్పినవి," అంది. "ఈ తప్పులు వింటూ చేసినవి. బడి తెరిచిన రోజున తీసుకురండి."

గువ్వ కుర్చీ దిగింది. ఆమె ఫ్రేము బల్ల మీద పెట్టి చేతులు చాపింది. గువ్వ పరుగెత్తుకుంటూ మూల కుర్చీ దగ్గరికి వెళ్ళి టీచరు ఒళ్ళో తల పెట్టేసింది.

ఆమె చాపిన చేతులతో ఏం చేయాలో తెలియక ఫ్రేముని మళ్ళీ తీసుకుని, స్క్రూ వదులైందేమో చూస్తున్నట్టు తిప్పింది. టీచరు గువ్వ తల మీదుగా ఆమె వైపు చూసి, "ఆ మేక మీదే అమ్మా," అంది. ఆమె నవ్వుదామనుకుంది. సగమే వచ్చింది.

మధ్యాహ్నం దుకాణంలో ఎవరిదో ప్యాంటు పొడవు తగ్గించాలి. గువ్వ ఎవరూ చెప్పకుండానే తన చోటికి వెళ్ళి, వీపు పెట్టి కూర్చుని గుండీలు రంగులవారీగా వేరుచేస్తోంది. ఆమె మణికట్టు దిండులోంచి గుండుసూదులు తీసి, ఒక్క క్షణం ఆలోచించి, ఎప్పటిలాగా, ఎప్పుడో మానేసిన అప్పటిలాగా, పెదాల మధ్య పెట్టుకుంది. ఇనుము చల్లగా తగిలింది. ఇప్పుడు ఆ పెదాలు చదివేవాళ్ళెవరూ లేరు.

సూదులు బిగబట్టిన నోటితోనే "ఊఁ" అంది, ఊరికే.

"ఏంటమ్మా?" అంది గువ్వ, వెనక్కి తిరగకుండా.

ఆమె చేయి గుడ్డ మీద ఆగిపోయింది.

"అమ్మా, ఇవాళ్టిది మళ్ళీ టీచర్‌కి ఫోన్ చేసి చెప్దామా? బడికి వెళ్తున్నానని?"

ఆమె సూదులన్నీ ఒక్కొక్కటిగా నోట్లోంచి తీసి దిండులో గుచ్చింది. మాట స్పష్టంగా వినపడాలి కదా.

"ముందు మీ నాన్నకి చెప్దాం," అంది. "ఆవిడకి తెలుసులే."